కూర్మయ్య ఒప్పుకున్న నీళ్ళు

తాను వెయ్యని మోటారుకీ, తాను పొయ్యని నీళ్ళకీ కూర్మయ్య మేస్త్రి చేత తప్పు ఒప్పించి సంతకం పెట్టించారు. అది జరిగింది కాశీబుగ్గ బస్టాండుకి వెళ్ళే దారిలో ఉన్న ఒక జెరాక్సు షాపులో. ఆ షాపు నాది. కాగితం టైపు చేసింది నేను.

చెప్పి రాయించినవాడు తిరుమలరావు. మా వీధిలో ఏ తగువు వచ్చినా ముందు తనకి కుర్చీ వేయించుకునే మనిషి. "నా తప్పు వల్ల జరిగిన నష్టానికి" అని ఆయన అన్నాడు. "నా అజాగ్రత్త వలన సంభవించిన సర్వ నష్టమునకు నేనే పూర్తి బాధ్యుడను" అని నేను కొట్టాను. బడి మానేశాక పాత పుస్తకాల బస్తాల్లోంచి ఏరుకుని చదివి సంపాదించుకున్న భాష అది. తిరుమలరావు చదివి నా వైపు మెచ్చుకోలుగా చూశాడు. ఆ చూపు అప్పుడు నాకు బాగుంది. ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది.

కూర్మయ్య చదవలేడు. టేపు మీద అంకెలు పోల్చుకుంటాడు, తన పేరు రాస్తాడు, అంతే. పెన్నుని తాపీలా గుప్పిట్లో పట్టుకుని, ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, పేరు పూర్తి చేశాడు. తల ఎత్తి, "అయిపోనాదేటి?" అని అడిగాడు. అయిపోయిందని అందరం చెప్పాం.

కూర్మయ్యది మందస అవతల కొండల వైపు ఊరు. మా అమ్మ పుట్టిందీ అక్కడే, అందుకని నాకు మావ. రక్తం కలిసిన మావ కాదు. మా వైపు ఆ పిలుపుకి రక్తం అక్కర్లేదు. చిన్నప్పుడే ఒక మేస్త్రి వెనక ఇసక మోయడానికి పోయి, మోస్తూ మోస్తూ చూసి, చూసినది చేతికి ఎక్కించుకున్నాడు. ఇప్పుడు యాభై ఆరేళ్ళు.

తిత్లీ తుఫానుకి ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు నేల మీద పడుకున్న సంవత్సరం, పెంకుటిళ్ళ మీద పెంకు మిగల్లేదు. ఆ ఏడాదంతా ఆయన ఊరూరా తిరిగి ఇళ్ళకి కప్పులు వేశాడు. ఉచితంగా వేశాడని రాస్తే చదవడానికి బాగుంటుంది గాని, వెయ్యలేదు. కూలి తీసుకున్నాడు. ఆలస్యం చేసినవాళ్ళని వాకిట్లో నిలబడి తిట్టాడు. మెత్తని మాట ఆయన నోట రావడం అరుదు. కంకర మోసే ఆడవాళ్ళు నిలబడి కబుర్లు చెప్పుకుంటే, "పెల్లికొచ్చీసినారేటి, తాంబూలాలు ఎట్టాలా?" అనేవాడు. వాళ్ళూ తక్కువ తినలేదు. "పెల్లికొడుకు మూతి ఇలాగుంటే తాంబూలం ఎవులు తీసుకుంతారు" అని నవ్వేవాళ్ళు. ఇంజనీర్లని కాగితం మేస్త్రులనేవాడు. ఒక ఇంటాయన సముద్రం ఒడ్డు నుంచి చవగ్గా ఉప్పిసక తెప్పిస్తే ట్రాక్టరు దించనివ్వలేదు. "ఇనప ఊస తుప్పట్టీది మీ ఇంట్లో. పేరు పోయీది నాది" అని వెనక్కి తిప్పించేశాడు.

కింద ఆపుగా పెట్టిన సెంట్రింగు చెక్కలు విప్పిన రోజు మధ్యాహ్నం, ఆ కొత్త స్లాబు కింద ఒక్కడూ కూచుని కారియరు విప్పి అన్నం తినేవాడు. అంతవరకూ ఇంటివాళ్ళని కూడా లోపలికి రానిచ్చేవాడు కాదు. పడితే ముందు తన మీద పడాలట. ముప్ఫై ఏళ్ళలో ఏదీ పడలేదు. ఏదీ కారలేదు. పలాస చుట్టుపక్కల ఇల్లు అమ్ముకునేవాళ్ళు కూడా "కూర్మయ్య స్లాబండీ" అని ఒక మాట కలిపేవాళ్ళు. ఆయనకి పొలం లేదు, సొంత ఇల్లు లేదు. ఇతరులకి అన్ని కప్పులు వేసిన మనిషి కాశీబుగ్గలో రెండు గదుల అద్దెకొంపలో ఉండేవాడు. ఆయన ఆస్తి ఆ ఒక్క మాట. పోయిన కార్తీకంలో దాన్నే లాక్కున్నారు.

పురుషోత్తం ఒక ఆఫీసులో గుమాస్తా. పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారని ఉన్న ఇంటి మీద పై అంతస్తు వెయ్యాలనుకుని కూర్మయ్యని పిలిచాడు. పక్కిల్లు చంద్రకళది. ఆమె జీడిపప్పు చేస్తుంది. కొట్టిన పప్పు ఫ్యాక్టరీల నుంచి తెచ్చుకుని, ముందు గదిలో ఆరుగురు ఆడవాళ్ళ చేత పొట్టు తీయించి, గుండు వేరు, బద్ద వేరు చేయించి టిన్నుల్లో పోసి అమ్ముతుంది. భర్త పోయాడు. ఆ ముందు గదే ఆమెకి అన్నం పెడుతోంది. రెండిళ్ళ గోడలూ దగ్గర దగ్గరగా ఉంటాయి, మధ్యలో చెయ్యి దూరేంత సందు. పురుషోత్తం ఇంటి మీద నీళ్ళు ఏమాత్రం పొర్లినా ఆ సందులో దిగి, చంద్రకళ పాత గోడని తడిపి, ఆమె గదిలోకే చేరతాయి. సందు పైన మూసెయ్యాలి, రెండు బస్తాల సిమెంటు ఇప్పించండని కూర్మయ్య ముందే అడిగాడు. ప్లాస్టింగు అప్పుడు అంతా ఒకేసారి చేద్దాం మేస్త్రీ అన్నాడు పురుషోత్తం.

ఇక్కడ పనిలో ఒక పద్ధతి చెప్పాలి. అది తెలియకపోతే ఈ అన్యాయం అర్థం కాదు. స్లాబు వేసిన మర్నాడు దాని మీద మట్టితో చిన్న గట్లు వేసి మడులు కడతారు, అచ్చం వరిమడుల్లాగే. అందులో రెండంగుళాల నీళ్ళు కొన్నాళ్ళు నిలబెడితే సిమెంటు గట్టిపడుతుంది. మడి కట్టేది మేస్త్రి. నీళ్ళు పెట్టేది ఇంటివాళ్ళు. మా వైపు ఏ ఊరు వెళ్ళినా ఇదే పద్ధతి. ఇది ఏ కాగితం మీదా ఉండదు. పని ఒప్పుకునేటప్పుడు మేస్త్రి "నీల్లు మీయి" అంటాడు, ఇంటాయన "మావే" అంటాడు. అంతటితో సరి. పురుషోత్తం కూడా మావే అన్నాడు.

గురువారం స్లాబు పడింది. శుక్రవారం కూర్మయ్య మడులు కట్టి వెళ్ళాడు. ఆదివారం జరిగినది నాకు మూడు నెలల తర్వాత తెలిసింది గాని, వరస తప్పకుండా ఇక్కడే చెబుతాను. ఆ పొద్దున్న పురుషోత్తం, భార్య ప్రసూన టెక్కలిలో పెళ్ళికి బయల్దేరుతున్నారు. పైపు తీసుకెళ్ళి మడిలో పడేసి మోటారు స్విచ్చి వేసేసరికి కరెంటు పోయింది. లైను పని ఉంది, సాయంత్రం దాకా రాదని ముందే చెప్పారు. తొందరలో స్విచ్చి ఆపకుండానే తాళం వేసుకుని పోయారు. కరెంటు పన్నెండింటికే వచ్చింది. రెండింటి దాకా ఉండి మళ్ళీ పోయింది. ఆ రెండు గంటలూ ఖాళీ ఇంట్లో మోటారు తిరిగింది. మడులు నిండి, పొర్లి, చంద్రకళ వైపు గట్టు తెగింది.

ఆ రోజు పప్పు ఒలిచే ఆడవాళ్ళకి సెలవు. చంద్రకళ చెల్లెలి ఇంటికి వెళ్ళి మూడింటికి తిరిగి వచ్చి తలుపు తీస్తే గదిలో చీలమండ లోతు నీళ్ళు, గోడవార పద్నాలుగు బస్తాల పప్పు. తడిసిన పప్పు ఉబ్బుతుంది, మర్నాటికి వాసన వేస్తుంది, ఎండబెట్టినా కొనేవాడుండడు. పురుషోత్తానికి ఫోను చేస్తే ఎత్తలేదు. కూర్మయ్యకి చేసింది. ఆయన అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు.

ఆమె ఆ నీళ్ళలో నిలబడి ఏడ్చింది. ఏడుస్తూ ఆయన్ని తిట్టింది. తిట్టి తిట్టి గొంతు పోయాక కూర్మయ్య రెండు చేతులూ జోడించి, "తప్పైపోనాది తల్లీ. నాన్సూసుకుంతాను" అన్నాడు.

ఈ మాట గురించి కూడా చెప్పాలి. ఉద్దానం పల్లెల్లో అది నేరం ఒప్పుకునే మాట కాదు. బస్సులో మన కాలు ఎవరో తొక్కినా ముందు మనమే తప్పైపోయిందంటాం. పరాయి ఇంట్లో పిల్లి పాలు ఒలకబోస్తే, పక్కన కూచున్న చుట్టం తప్పైపోయిందంటాడు. భోజనాల్లో కూర చాలకపోతే వడ్డించనివాడు కూడా అంటాడు. ఎదుటివాళ్ళ కోపం మీద ఇన్ని నీళ్ళు చల్లడానికి పెద్దవాళ్ళు వాడే మాట అది. చంద్రకళకి అది తెలుసు. తిరుమలరావుకి తెలుసు. పురుషోత్తం గారి తాతది కూడా ఉద్దానమే, ఆయనకీ తెలుసు. కానీ చంద్రకళ మరిది నాగరాజు అప్పుడు గుమ్మంలో నిలబడి తడిసిన బస్తాలని ఫోనులో తీస్తున్నాడు. చేతులు జోడించిన కూర్మయ్య కూడా అందులో పడ్డాడు.

మర్నాడు నా షాపు ముందు కుర్చీలు పడ్డాయి. తిరుమలరావు వచ్చాడు, వీధిలో పదిహేను మంది చేరారు. నష్టం ఎవరు పెట్టుకోవాలన్నది తగువు. మడి గట్టిగా కట్టలేదు, తెగిపోయిందని పురుషోత్తం మెల్లగా, మర్యాదగా చెప్పాడు. మేం ఊళ్ళోనే లేం, అసలు ఆ రోజు కరెంటే లేదు, ఇక మోటారు ఎక్కడిదన్నాడు. అబద్ధం చెబుతున్నట్టు ఆయన ముఖంలో ఎక్కడా లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న అబద్ధాన్ని మా ఊళ్ళో ఎవరూ అనుమానించరు.

గట్టు తెగిన చోటు తాను చూశానని, పైపు మడిలోనే ఉందని కూర్మయ్య చెప్పాడు. రెండంగుళాల నీటికి కట్టిన గట్టు అది, చెరువుకి కట్టింది కాదన్నాడు. నీళ్ళు ఇంటివాళ్ళవని పని ఒప్పుకున్న రోజే అనుకున్నామన్నాడు. తిరుమలరావు వినలేదు. ఫోను తెమ్మన్నాడు. నాగరాజు వీడియో పెట్టాడు. తప్పైపోనాది తల్లీ, నాన్సూసుకుంతాను. ఇంకోసారి పెట్టమన్నాడు. మళ్ళీ అదే.

"మరి ఇదేట్రా?" అన్నాడు తిరుమలరావు. "నీ నోటితో నువ్వే అన్నావు గదా. సూసుకుంతానన్నోడివి సూసుకో."

నలుగురూ నవ్వారు. కూర్మయ్య ఆ నవ్వు వైపు, ఫోను వైపు, నా వైపు చూశాడు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండింటి దాకా నా జెరాక్సు మిషను ఆడింది. ఒక కుర్రదాని సర్టిఫికెట్లు తీశాను, నాకు బాగా గుర్తుంది. కరెంటు వచ్చిందని ఆ వీధిలో ఫ్యాను కింద పడుకున్న ప్రతివాడికీ తెలుసు. ఎవడూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. ఎందుకంటే తిరుమలరావు అడిగింది నన్ను కాదు. అడక్కుండా పెద్దమనుషుల ముందు మాట్లాడకూడదని మాకు పుట్టినప్పటి నుంచి నేర్పుతారు. దాన్ని వినయం అంటారు. వెధవతనానికి అంత అందమైన పేరు నేను చదివిన ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

కాగితం ప్రకారం పురుషోత్తం ఇవ్వాల్సిన మిగతా కూలి అంతా తడిసిన పప్పు కింద చంద్రకళకి పోయింది. అది కాక, ఆమె గది గోడలు కొట్టి మళ్ళీ ప్లాస్టింగు చేసి, సందు మూసి, కూర్మయ్య ఉచితంగా బాగుచెయ్యాలి. సిమెంటు కూడా తనదే. సంతకం చేసి మెట్లు దిగుతుంటే వెనక నుంచి నాగరాజు "ఓటి మేస్త్రి" అన్నాడు. ఓటికుండ అన్నట్టు. మా ఊళ్ళో మారుపేరు ఒకసారి అంటుకుంటే చచ్చాక కూడా వదలదు. వారం తిరక్కుండా ఆయన ఎదురైతే పిల్లలు కూడా ఆ పేరే అన్నారు. హరిపురంలో ఒప్పుకున్న స్లాబు పోయింది. మందసలో ఇంకొకటి పోయింది. ఆ మందసాయన కాస్త మర్యాదస్తుడు, మా ఆవిడ భయపడతందని చెప్పాడు. కూర్మయ్య భార్య దేవి జీడి ఫ్యాక్టరీకి పోవడం మొదలుపెట్టింది.

చంద్రకళ గదిలో కూర్మయ్య పదకొండు రోజులు పనిచేశాడు. ఉచితం పని కదా అని చుట్టబెట్టి పారేస్తాడని ఆమె మొదటి మూడు రోజులూ గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కూచుంది. గోడ మట్టానికి రాలేదని ఆయన తాను వేసిన ప్లాస్టింగే తాను కొట్టేసి మళ్ళీ వెయ్యడం చూసి కుర్చీ తీసేసింది. అయిదో రోజున టీ పెట్టి ఇచ్చింది. ఇచ్చి, మనసులో ఉన్నది అడిగేసింది. తప్పు నీది కాదంటావు, మరి ఆ రోజు ఆ మాట ఎందుకన్నావు మేస్త్రీ అని.

"నువ్వేడుత్తన్నావు తల్లీ" అన్నాడు కూర్మయ్య. "ఏడిసీవోల ముందర లెక్కలు సెప్తారేటి?"

ఆమె ఈ సంగతి నాకు చెప్పినప్పుడు ఆమెకి కళ్ళు తడిశాయి గాని, కాగితం చింపేద్దామని మాత్రం అనలేదు. పద్నాలుగు బస్తాలు పోయినావిడ ఎందుకంటుంది? ఆమెని నేను తప్పు పట్టను. ఆమెకి రావాల్సినదే ఆమెకి వచ్చింది. రావాల్సిన జేబులోంచి రాలేదు, అంతే.

మాఘమాసంలో ప్రసూన నా షాపుకి వచ్చింది, ఏవో ఇంటి కాగితాలు జెరాక్సు తీయించడానికి. సగంలో కరెంటు పోయింది. నేను అలాగే కూచున్నాను. "స్విచ్చి ఆపెయ్యి బాబూ" అందామె. "మర్చిపోయి వెళ్ళిపోతే మళ్ళీ..." అని అక్కడ ఆగిపోయింది. నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమె తల దించుకుంది. చెడ్డది కాదు. అంతకాలం ఎవరూ అడగలేదు, అందుకని మోసుకు తిరిగింది. అడిగాను. మొత్తం చెప్పింది. సాయంత్రం కరెంటు ఇంకా రాకముందే పెళ్ళి నుంచి వచ్చేసరికి స్విచ్చి వేసే ఉందని, ఆపింది తానేనని, ఈ మాట బయట అనొద్దని ఆయన పిల్లల మీద ఒట్టు వేయించుకున్నాడని చెప్పింది. జెరాక్సు కాగితాలు సగం వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే కూర్మయ్య దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఆయన లేచి చొక్కా వేసుకుని, పద అన్నాడు.

పురుషోత్తం మమ్మల్ని వరండాలో కూచోబెట్టాడు. భార్య చెప్పిందని తెలియగానే కాదనలేదు, అది మాత్రం నిజం. తలుపు దగ్గరగా వేసి వచ్చి, జరిగిందేదో జరిగింది మేస్త్రీ, నీ మిగతా కూలి నేను ఇచ్చేస్తాను, గది బాగుచేసినందుకు కూడా కలిపి ఇస్తాను, ఇద్దరి మధ్యా ఉంచుకుందాం అన్నాడు. లోపలికి వెళ్ళి కవరు తెచ్చాడు. అప్పటికి కూర్మయ్య ఇంట్లో రెండు నెలల అద్దె బాకీ. నాకు తెలుసు.

"డబ్బులు మీ కాడే ఉంచండి బాబూ" అన్నాడు కూర్మయ్య. "ఆ దినం షాపు కాడ ఎంతమంది ఉన్నారో అంతమంది ముందర, మోటారు ఆపడం మరిసిపోనామని ఒక్క ముక్క సెప్పండి. సాలు."

పురుషోత్తం నిజంగానే ఇబ్బంది పడ్డాడు. ఆ ఇబ్బంది చూస్తే నాకు నవ్వొచ్చింది. డబ్బు ఇవ్వడం ఆయనకి కష్టం కాదు. "అదొక్కటీ అడక్కు మేస్త్రీ. నేను ఉద్యోగస్తుణ్ణి. నలుగురిలో తిరగాల్సినవాణ్ణి" అన్నాడు. అంటే కూర్మయ్య నలుగురిలో తిరగక్కర్లేదన్నమాట. ఈ అర్థం ఆయన ఉద్దేశించలేదు. ఉద్దేశించి అని ఉంటే కొంచెం తక్కువ కోపం వచ్చేది.

నేను తిరుమలరావు దగ్గరికి కూడా వెళ్ళాను. కరెంటు సంగతి, స్విచ్చి సంగతి చెప్పాను. ముగిసిపోయిన తగువు మళ్ళీ తవ్వితే పాములొస్తాయన్నాడు. ఆడవాళ్ళ మాట మీద కుర్చీ వెయ్యలేనన్నాడు. ఆ రోజు నీ మిషను ఆడినట్టు నీకు గుర్తుంటే అప్పుడే ఎందుకు చెప్పలేదన్నాడు. ఆయన అడిగిన ప్రశ్నల్లో సరైనది అదొక్కటే.

ఫాల్గుణంలో పురుషోత్తం పై అంతస్తుకి గృహప్రవేశం పెట్టుకున్నాడు. గోడల ప్లాస్టింగు టెక్కలి నుంచి వచ్చిన వేరే మేస్త్రి చేశాడు. అయినా ఇల్లు ఎత్తిన మేస్త్రిని పీట మీద కూచోబెట్టి కొత్తబట్టలు పెట్టాలి. పెట్టకపోతే ఇంటికి మంచిది కాదంటారు. అందుకని కూర్మయ్యకి కబురొచ్చింది. వెళ్ళొద్దని దేవి అంది. నేనూ అన్నాను. ఆయన గడ్డం గీయించుకుని వెళ్ళాడు.

పంచె, కండువా, చొక్కా గుడ్డ పళ్ళెంలో పెట్టి, కింద ఒక లావుపాటి కవరు పెట్టి తెచ్చారు. అందరూ ఉన్నారు. తిరుమలరావు, చంద్రకళ, నాగరాజు, వీధిలో వాళ్ళు. పురుషోత్తం పళ్ళెం చేతికి ఇవ్వబోయాడు. ఆయన ముఖంలో ఒక నిశ్చింత ఉంది, దీంతో తేలిపోతుందని. కూర్మయ్య పీట మీద కూచుని, చేతులు చాపకుండా అడిగాడు.

"ఈ బట్టలు దేనికండి బాబూ? స్లాబుకా, నీల్లకా?"

కొందరు నవ్వారు, ఏదో సరదా అనుకుని. పురుషోత్తం కూడా నవ్వి, "స్లాబుకే మేస్త్రీ" అన్నాడు.

"అయితే నీల్ల మాట కూడా సెప్పీండి. అందరూ ఉన్నారు. తీసుకుంతాను."

అప్పుడు నవ్వు ఆగింది. పురుషోత్తం పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ మనిషి నోరు తెరిచి ఉంటే చాలు, ఒక్క ముక్క. వెనక గుమ్మంలో ప్రసూన ఉంది. చంద్రకళ ఆమె వైపు చూసింది, చూసి మళ్ళీ పురుషోత్తం వైపు చూసింది. ఆ చూపులో ఆమెకి కొంత అర్థమయిందని నాకు తెలిసింది. తిరుమలరావు కల్పించుకున్నాడు. "శుభమా అని ఇల్లు సేరతంటే ఈ గోలేట్రా? తీసుకుని దీవించి లెగు."

కూర్మయ్య లేచాడు. పళ్ళెంలోంచి ఒక తమలపాకు, వక్క తీసుకున్నాడు. ఇంటికి చెడు జరగకూడదని అదొక్కటి తీసుకున్నాడనుకుంటాను. బట్టలు ముట్టుకోలేదు, కవరు ముట్టుకోలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వెనక నేను దిగాను. పైన ఎవరో "పొగరు" అన్నారు. ఇంకెవరో సర్దుకుపోవడం తెలియదన్నారు. ఒక అబద్ధం కింద ఇంటిల్లిపాదీ పాయసం తిన్నారు.

చంద్రకళ ఆ తర్వాత ప్రసూనని నిలదీసిందని విన్నాను. ఏం జరిగిందో నాకు పూర్తిగా తెలియదు. పురుషోత్తం ఆమెకి ఏదో ముట్టజెప్పాడంటారు. ఆమె కొత్త బీరువా కొన్నది మాత్రం చూశాను. కూర్మయ్య పేరు మాత్రం అలాగే ఉంది. ఉగాది వెళ్ళాక ఆయనా దేవీ గదులు ఖాళీ చేసి మూలపేట వైపు వెళ్ళిపోయారు, రేవు పనుల్లో కూలి దొరుకుతుందని.

ఆషాఢంలో నేను వెళ్ళి చూశాను. నౌపడా దాటాక దారంతా లారీలు, ఎర్రమట్టి, ఉప్పుగాలి. కూలీల గదుల వరస ఒకటి కడుతున్నారు. ఆయన తల మీద పచ్చ టోపీ, ఒంటి మీద అంకె వేసిన జాకెట్టు. అక్కడ ఆయన్ని మేస్త్రీ అని పిలిచేవాడు లేడు. నలభై రెండు అని పిలుస్తున్నారు. పాతికేళ్ళవాడొకడు, గోడకి మట్టం ఎటు పట్టాలో తెలియనివాడు, ఆయన కట్టిన గోడని ఇలా కాదు అలా అని చెబుతున్నాడు. కూర్మయ్య తల ఊపుతున్నాడు. ఉప్పిసక ట్రాక్టరుని వెనక్కి తిప్పించిన మనిషి అలా తల ఊపడం చూడలేక నేను సముద్రం వైపు తిరిగాను.

పని ఆపి, ఇసకగుట్ట మీద కూచున్నాం. నన్ను చూసినందుకు సంతోషించాడో లేదో తెలియదు. చిక్కిపోయాడు. దేవికి ఒంట్లో బాగులేదన్నాడు, టెక్కలి ఆసుపత్రికి తిప్పుతున్నానన్నాడు. పురుషోత్తం కవరు గురించి నేనెత్తాను. ఆ రోజు తీసుకుని ఉంటే ఈ పని చెయ్యనక్కర్లేదు కదా మావా అన్నాను. ఆయన కోపంగా నా వైపు చూశాడు. తీసుకుంటే ఆ కవరు దేనికిచ్చాడో జనం వాళ్ళకి నచ్చినట్టు చెప్పుకుంటారని, ఓటి మేస్త్రి నోరు డబ్బుతో మూసేశారంటారని, ఆ మాట కంటే ఈ నలభై రెండే నయమని అన్నాడు. తర్వాత ఇసక పిడికెడు తీసి, వేళ్ళ మధ్య నలిపి చూసి, విసిరేశాడు.

అప్పుడు నేను చెప్పాను. ఇదంతా రాస్తాను మావా, తేదీలు, కరెంటు వేళలు, నా కాగితంతో సహా, ఎవరినీ వదలను అన్నాను. గొంతు పెద్దదయిందేమో, దూరాన ఆ పాతికేళ్ళవాడు ఇటు చూశాడు. కూర్మయ్య లేచి, టోపీ సర్దుకుని, తాపీ చేతిలోకి తీసుకున్నాడు. నేను ఆయన్ని చూసింది అదే ఆఖరు. వెళ్తూ వెళ్తూ ఆగి అన్నాడు:

"రాయి. ఎవులొద్దన్నారు? గానీ నాను మంచోడినని రాయకు. మంచోడని రాత్తే అయ్యో పాపమని సదివి పక్కనెట్టీత్తారు. పని తెలిసినోడని రాయి."